షేప్‌ఫైల్ కాలమ్ పేర్లు పది అక్షరాలకే తెగుతున్నాయి. ఈ డీబీఎఫ్ కనిపెట్టిన కంపెనీ ఏమైంది?

మూసీ_మ్యాప్స్

నమస్తే. హైదరాబాద్ వార్డుల పటం ఒకటి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తున్నాను. షేప్‌ఫైల్‌గా సేవ్ చేసేసరికి రెండు చోట్ల దెబ్బ తింటోంది. ఇంగ్లిష్‌లో పెట్టిన కాలమ్ పేర్లు పది అక్షరాల దగ్గర తెగిపోతున్నాయి. 2001 జనాభాకు ఒకటి, 2011 జనాభాకు ఒకటి కాలమ్ పెడితే ఏది ఏదో తెలియడం లేదు. తెలుగులో టైపు చేసిన పేర్లలో పొడుగువి మధ్యలో విరిగిపోయి చివర చెత్త గుర్తు మిగులుతోంది. ఇదంతా .డీబీఎఫ్ ఫైలు పుణ్యమట. అది డీబేస్ అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ది, దాని కంపెనీ పేరు యాష్టన్-టేట్, ఇప్పుడు లేదు అని మాత్రం తెలిసింది.

ఇదే ఫార్మాట్‌తో ఇంకో పనీ ఉంది. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం 1991 నుంచి 96 దాకా రాసిన ఖాతాలు పాత హార్డ్‌డిస్క్ నుంచి తీసిన ఫోల్డర్‌లో ఉన్నాయి: .డీబీఎఫ్, .డీబీటీ, .ఎన్‌డీఎక్స్. కొన్ని ఫ్లాపీలు కూడా ఉన్నాయి. ముఖ్యమైన ఖాతా ఫైలు తెరిస్తే చివరి ఎంట్రీలు కనబడటం లేదు, అప్పట్లో ప్రింటు తీసిన కాగితాల్లో మాత్రం ఉన్నాయి. వాటిని రాబట్టే దారి ఉందా? అసలు ఇంత వాడకంలో ఉన్న ఫార్మాట్‌ను కనిపెట్టిన కంపెనీ ఎలా మునిగింది? మైక్రోసాఫ్టే ముంచిందా?

డాట్_ప్రాంప్ట్

ముందు పటం సంగతి చూద్దాం, అది తేలిక.

షేప్‌ఫైల్ అంటే ఒక ఫైలు కాదు, కనీసం మూడు. .ఎస్‌హెచ్‌పీలో ఆకారాలు, .ఎస్‌హెచ్‌ఎక్స్‌లో వాటి సూచిక, .డీబీఎఫ్‌లో పట్టిక ఉంటాయి. 1990ల మొదట్లో ఎస్రీ అనే పటాల సాఫ్ట్‌వేర్ కంపెనీ దీన్ని తయారుచేసేటప్పుడు పట్టిక కోసం కొత్త ఫార్మాట్ కనిపెట్టలేదు. అప్పటికే ప్రతి పీసీలోనూ ఏదో ఒక ప్రోగ్రాం చదవగలిగే డీబేస్ ఫైలునే తెచ్చి పెట్టుకుంది. దాంతో డీబేస్ హద్దులన్నీ మీ వార్డుల పటంలోకి వచ్చి కూర్చున్నాయి.

డీబేస్ 3 హెడర్‌లో, అంటే ఫైలు మొదట్లో ఉండే వివరాల భాగంలో, మొదటి 32 బైట్లు ఫైలు వివరాలకు. తరవాత కాలమ్ ఒక్కింటికి 32 బైట్ల చొప్పున. ఆ 32లో పేరుకు 11 ఇచ్చారు. పేరు అయిపోయిందని చెప్పే సున్నా బైటుకు ఒకటి పోగా మీకు మిగిలేవి 10. పొడవు చెప్పడానికి ఒకే బైటు ఉంది గనుక అక్షరాల కాలమ్ 254 దాటదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పాపులేషన్ అన్న మాటకు సరిగ్గా పది అక్షరాలు. దాని వెనక మీరు తగిలించిన 2001, 2011 రెండూ తెగిపోతాయి. ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని ఇంకా కత్తిరించి చివర 1 అంకె తగిలిస్తుంది. పాప్01, పాప్11 అని మీరే పొట్టి పేర్లు పెట్టుకోండి, గొడవ ఉండదు.

తెలుగు విరగడానికి కారణం వేరు. డీబీఎఫ్‌లో వెడల్పు అంటే బైట్ల లెక్క, అక్షరాల లెక్క కాదు. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. గుణింతపు గుర్తు, సున్న, పొల్లు, అన్నీ విడివిడి సంకేతాలే. "సికింద్రాబాద్" మన కంటికి ఐదు అక్షరాలు, కంప్యూటర్‌కు 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. కాలమ్ వెడల్పు 25 అని ఉంటే 8 సంకేతాలకు 24 బైట్లు పోతాయి, "సికింద్ర" వరకూ వస్తుంది. తొమ్మిదో సంకేతంలో మూడోవంతు, అంటే ఒక బైటు, 25వ స్థానంలో ఇరుక్కుపోతుంది. మీకు కనిపించే చెత్త గుర్తు అదే. వెడల్పు 120 పెట్టేయండి, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. పక్కన .సీపీజీ అనే బుల్లి ఫైలు పుడుతుంది. అందులో ఎన్‌కోడింగ్ పేరు ఒక్కటే ఉంటుంది. ఎవరికైనా పంపేటప్పుడు దాన్ని వదిలేశారంటే అవతలివాళ్ళ తెరమీద తెలుగంతా యూరప్ అక్షరాలైపోతుంది. కాలమ్ పేర్లు మాత్రం తెలుగులో వద్దు. పది బైట్లలో మూడు సంకేతాలే పడతాయి, "మండలం" కూడా పట్టదు.

అవతలివాళ్ళు షేప్‌ఫైలే కావాలని పట్టుబట్టకపోతే జియోప్యాకేజ్‌గా సేవ్ చేయండి. ఒకే ఫైలు, పేర్ల పొడవు ఇబ్బంది లేదు, 2 జీబీ హద్దు లేదు. తేదీతోపాటు సమయం కూడా నిలుస్తుంది. డీబీఎఫ్ తేదీ కాలమ్‌లో ఏడాది, నెల, రోజు కలిపి 8 అంకెలే పడతాయి.

పార్క్‌లేన్_386

కంపెనీ కథ నేను చెప్తాను. ముందే ఒక మాట: మైక్రోసాఫ్ట్ ముంచలేదు. మైక్రోసాఫ్ట్ ఈ రంగంలోకి గట్టిగా దిగేనాటికి యాష్టన్-టేట్ అనే పేరే లేదు.

మూలం అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఉంది. అక్కడ యూనివాక్ 1108 అనే పెద్ద కంప్యూటర్ మీద జేపీఎల్‌డీఐఎస్ అనే డేటా ప్రోగ్రాం ఫోర్‌ట్రాన్‌లో నడిచేది. తరవాతి రోజుల్లో దాన్ని చూసుకున్నవాడు జెబ్ లాంగ్. అక్కడే కాంట్రాక్టు ఇంజినీరుగా ఉన్న వేన్ రాట్లిఫ్ ఆఫీసు ఫుట్‌బాల్ పందేల లెక్క కట్టడానికి అలాంటిదే ఇంట్లో ఉన్న ఇమ్సాయ్ 8080 అనే చిన్న కంప్యూటర్ మీద అసెంబ్లీలో రాసుకున్నాడు. పేరు వల్కన్. 1979లో పత్రికలో ప్రకటన వేసి తానే అమ్మాడు, పెద్దగా పోలేదు. అప్పుడు జార్జ్ టేట్, హాల్ లాష్లీ అనే సాఫ్ట్‌వేర్ వ్యాపారులు హక్కులు తీసుకున్నారు. వల్కన్ పేరు అప్పటికే ఇంకో కంపెనీ వాడుతోంది, మార్చక తప్పలేదు. ప్రకటనలు రాసే హాల్ పాలక్ డీబేస్ 2 అని పెట్టాడు. డీబేస్ 1 అనేది ఎప్పుడూ లేదు. రెండో వెర్షన్ అంటే ఇప్పటికే ఒకసారి బాగుచేశారని కొనేవాడు అనుకుంటాడు, అదీ లెక్క. యాష్టన్ అనే మనిషి కూడా లేడు, టేట్ పక్కన వినసొంపుగా ఉంటుందని తగిలించిన పేరు అది. టేట్ పెంచిన చిలక పేరు యాష్టన్ అని తరవాత కబుర్లు పుట్టాయి.

1981లో సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ యంత్రాలకు, 1982లో ఐబీఎం పీసీకి వచ్చింది. ధర 695 డాలర్లు. ఫైలుకు 65,535 రికార్డులు, రికార్డుకు 32 కాలమ్‌లు, ఒకేసారి రెండు ఫైళ్ళు. ఈరోజు నవ్వొస్తుంది కానీ, అంతకుముందు ఖాతా పుస్తకం, కార్డుల పెట్టె తప్ప వేరే దిక్కులేని చిన్న ఆఫీసుకు అది చాలా ఎక్కువ. పైగా అది పట్టిక చూపించే ప్రోగ్రాం మాత్రమే కాదు. తెరమీద ఎదురుచూసే చుక్క (అదే చుక్క ప్రాంప్ట్) పక్కన కమాండ్ కొట్టి చూసుకుని, అవే కమాండ్లను ఒక ఫైల్లో వరసగా రాస్తే బిల్లింగ్ ప్రోగ్రాం అయిపోతుంది. కంపెనీ అమ్మింది సాఫ్ట్‌వేర్, జనం కొనుక్కున్నది ఒక భాష. గెలుపూ ఓటమీ రెండూ అక్కడినుంచే మొదలయ్యాయి.

1983లో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 1984లో డీబేస్ 3 వచ్చింది. అసెంబ్లీ వదిలి సీలో తిరగరాశారు. 128 కాలమ్‌లు, ఒకేసారి 10 ఫైళ్ళు. అదే ఏడాది ఆగస్టులో టేట్ గుండెపోటుతో పోయాడు, వయసు 40. ఆ తరవాత పగ్గాలు ఎడ్ ఎస్బర్ చేతికి వెళ్ళాయి. 1985 చివర్లో వచ్చిన డీబేస్ 3 ప్లస్‌లో మెనూలు, నెట్‌వర్క్ చేరాయి. ఇక్కడ పీజీడీసీఏ సిలబస్‌లోకి ఎక్కినదీ, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కుప్పలుగా పడి ఉండేదీ దీని గురించే.

లోటస్, మైక్రోసాఫ్ట్, యాష్టన్-టేట్: అప్పట్లో పీసీ సాఫ్ట్‌వేర్ అంటే ఈ మూడు పేర్లే. కానీ ఆదాయమంతా డీబేస్ ఒక్కదాని మీదే. ఆ భయంతోనే మల్టీమేట్ కొన్నారు, ఫ్రేమ్‌వర్క్ అమ్మారు, మ్యాకింతోష్‌కు ఫుల్‌రైట్, ఫుల్ ఇంపాక్ట్, డీబేస్ మ్యాక్ తెచ్చారు. ఒక్కటీ డీబేస్ అంత కాలేదు. డీబేస్ మ్యాక్ అయితే అసలు డీబేస్ ప్రోగ్రాంలనే నడపలేదు. మరి ఆ పేరెందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి.

ఇక డీబేస్ 4. 1988 అక్టోబర్లో దుకాణాలకు వచ్చింది, ధర 795 డాలర్లు. బగ్గులు విపరీతం. 640 కేబీ మెమరీలో నెట్‌వర్క్ డ్రైవర్లు ఎక్కాక దీనికి చోటు చాలేది కాదు. సరిచేసిన 1.1 వెర్షన్ 1990 మధ్యలో గానీ రాలేదు. ఏడాదిన్నర పైన! ఈలోపు డీలర్ల దగ్గర పెట్టెలు పేరుకుపోయాయి, 1989లో కంపెనీ నష్టాల్లో పడింది. రాట్లిఫ్ అంతకుముందే బయటికి వెళ్ళిపోయాడు.

పుండు మీద కారంలా ఒక దావా. 1988 నవంబర్లో, డీబేస్ భాషనే నడిపే ప్రోగ్రాం తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మీద, శాంటా క్రజ్ ఆపరేషన్ అనే కంపెనీ మీద కాపీరైట్ కేసు వేశారు. అది అసలుకే ఎసరు తెచ్చింది. 1990 డిసెంబర్లో జడ్జి టెర్రీ హ్యాటర్, డీబేస్‌కు మూలం ప్రజాధనంతో తయారైన జేపీఎల్‌డీఐఎస్ అన్న సంగతి కాపీరైట్ దరఖాస్తులో దాచారని చెప్పి ఆ కాపీరైట్లే చెల్లవన్నాడు. 1991 ఏప్రిల్లో ఆ ఆదేశాన్ని తనే వెనక్కు తీసుకున్నాడు కానీ అప్పటికే పరువు పోయింది. జులైలో బోర్లాండ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ సుమారు 439 మిలియన్ డాలర్ల విలువకు కొంటున్నట్టు ప్రకటించింది. అమెరికా న్యాయశాఖ ఆ కొనుగోలుకు ఒప్పుకుంటూ పెట్టిన షరతుల్లో ఒకటి, ఫాక్స్ మీద కేసు వదిలేయడం.

క్లిప్పర్_సమ్మర్87

అన్నా, వరస అంతా సరిగ్గా చెప్పావు గానీ కేసుకు మరీ ఎక్కువ బరువు ఇచ్చావనిపిస్తోంది. కోర్టు మాట రాకముందే రేసు అయిపోయింది. డీబేస్ 4 బగ్గులు లేకుండా వచ్చినా ప్రోగ్రామర్లు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. కారణం ఇంటర్‌ప్రెటర్.

డీబేస్ 3 ప్లస్ ప్రోగ్రాంను వరస వరసగా చదువుతూ నడుపుతుంది. లూప్ పదివేల సార్లు తిరిగితే అందులోని ప్రతి వరసనూ పదివేల సార్లు మళ్ళీ మొదటినుంచి అర్థం చేసుకోవాలి. పైగా మీరు రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం నడవాలంటే దుకాణంవాడి దగ్గర కూడా డీబేస్ ఉండాలి, లేదా రన్‌టైమ్ విడిగా కావాలి. సోర్స్ అందరికీ కనిపిస్తుంది, తెలిసినవాడెవడైనా లోపలికెళ్ళి వడ్డీ రేటు మార్చేయొచ్చు.

నాంటకెట్ కంపెనీ క్లిప్పర్ ఈ మూడింటినీ ఒక్క దెబ్బతో తీర్చింది. అదే ప్రోగ్రాంను కంపైల్ చేసి, లింక్ చేసి, ఒకే .ఈఎక్స్‌ఈ చేతికిచ్చింది. ఎన్ని దుకాణాల్లో పెట్టినా కాపీకింతని కట్టక్కర్లేదు. సొంత ఫంక్షన్లు రాసుకోవచ్చు. చుక్క ప్రాంప్ట్ ఉండదు, అదొక్కటే లోటు. ఒహైయోలోని ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ది ఇంకో దారి. చుక్క ప్రాంప్ట్ అలాగే ఉంచి వేగం పెంచింది. 1989లో ఫాక్స్‌ప్రో వచ్చింది. 1991లో 2.0తో రష్‌మోర్ అనే పద్ధతి తెచ్చింది. షరతు పెట్టి వెతికితే, రికార్డులన్నీ తిరగేయకుండా ముందు ఇండెక్సుల్లోనే (వెతకడానికి కట్టిన సూచికలు) చూసి ఏవి పనికొస్తాయో తేల్చేస్తుంది.

అంటే ఒకే భాష, ఒకే డీబీఎఫ్, కానీ మంచి ఇంజన్లు పక్క కంపెనీలవి. భాష జనం చేతికి పోయాక దాన్ని వెనక్కి లాక్కోవాలని చూసే బదులు ఒక మంచి కంపైలర్ ఇచ్చి ఉంటే సరిపోయేది. దావా చూసి ప్రోగ్రామర్లకు పట్టుకున్న భయం ఒక్కటే: రేపు నేను రాసిన ప్రోగ్రాం కూడా వీళ్ళదే అంటారా అని. డీబేస్ అనేది ట్రేడ్‌మార్కు కాబట్టి ఆ పేరు వాడకుండా ఎక్స్‌బేస్ అని పిలవడం అప్పుడే మొదలైంది.

బోర్లాండ్ చేతిలో కూడా బతికి బట్టకట్టలేదు. వాళ్ళ ఇంట్లో అప్పటికే పారడాక్స్ అనే ఇంకో డేటాబేస్ ఉంది, ఒకే గదిలో ఇద్దరు సవతులు. విండోస్ డీబేస్ 1994కి గానీ తేలేదు. ఈలోపు మైక్రోసాఫ్ట్ 1992లో ఫాక్స్‌ను కొనేసింది, అదే ఏడాది చివర్లో తన సొంత డేటాబేస్ యాక్సెస్‌ను మొదటి ఆఫర్‌గా 99 డాలర్లకు పెట్టింది. 795 ఎక్కడ, 99 ఎక్కడ? మూసీ_మ్యాప్స్ గారూ, మైక్రోసాఫ్ట్ పాత్ర అక్కడ మొదలవుతుంది, అప్పటికి శవయాత్ర సగం దూరం పోయింది.

మీ ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైలు .ఎన్‌డీఎక్స్ ఉందంటే డీబేస్‌లోనే రాసి ఉంటారు. క్లిప్పర్ అయితే .ఎన్‌టీఎక్స్, ఫాక్స్‌బేస్ అయితే .ఐడీఎక్స్, ఫాక్స్‌ప్రో 2 అయితే .సీడీఎక్స్. మెమో (పొడుగు రాతలు విడిగా దాచే ఫైలు) కూడా అంతే: డీబేస్‌ది .డీబీటీ, ఫాక్స్‌ప్రోది .ఎఫ్‌పీటీ.

డాట్_ప్రాంప్ట్

ఖాతా ఫైలు చివరి ఎంట్రీలు మాయం కావడం చాలా పాత రోగం. ప్రోగ్రాం నుంచి సరిగ్గా క్విట్ కొట్టకుండా కరెంటు పోవడం వల్ల వస్తుంది. కొత్త రికార్డులు డిస్కు మీదికి వెళ్తాయి, "మొత్తం ఇన్ని" అన్న అంకె మాత్రం ఫైలు మూసేటప్పుడే హెడర్‌లో పడుతుంది. యూపీఎస్ లేని దుకాణం, ఎండాకాలం కోత, అంతే సంగతి.

కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి. హెచ్‌ఎక్స్‌డీ లాంటి హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్లోని ఒక్కో బైటునూ చూపే ప్రోగ్రాం) తెరవండి. బైట్ల లెక్క సున్నా నుంచి, విలువలు మామూలు పదుల లెక్కలో చెప్తున్నాను. సున్నా బైటులో 3 ఉంటే డీబేస్ 3, మెమో లేదు. 131 అయితే మెమో ఉంది. 139 అయితే డీబేస్ 4 మెమో. 245 అయితే ఫాక్స్‌ప్రో మెమో. 48 అయితే విజువల్ ఫాక్స్‌ప్రో. 2 వచ్చిందంటే అది డీబేస్ 2, హెడర్ 521 బైట్లు, నిర్మాణమే వేరు. 4 నుంచి 7 దాకా రికార్డుల సంఖ్య, 8-9లో హెడర్ పొడవు, 10-11లో రికార్డు పొడవు. అన్నిట్లోనూ చిన్న బైటు ముందు, పెద్దది వెనక.

ఫైలు సైజులోంచి హెడర్ పొడవు తీసేసి రికార్డు పొడవుతో భాగించండి. వచ్చిన సంఖ్య హెడర్‌లో ఉన్నదానికంటే ఎక్కువైతే మీ ఎంట్రీలు ఫైల్లోనే ఉన్నట్టు. సమానమైతే కొంచెం చిక్కు: డాస్ కూడా ఫైలు సైజును మూసేటప్పుడే రాస్తుంది, కాబట్టి అవి ఏ ఫైలుకూ చెందని క్లస్టర్లలో (డిస్కు మీది చిన్న ముక్కలు) ఉండొచ్చు. అసలు డిస్కు ఇమేజ్ (డిస్కు మొత్తానికి బైటు బైటు నకలు) మీద చెక్‌డిస్క్‌ను ఎఫ్ స్విచ్‌తో నడిపితే ఫైల్0000.సీహెచ్‌కే లాంటి పేర్లతో బయటపడతాయి. అందుకే ఫోల్డర్ కాపీ ఒక్కటీ చాలదు, మొత్తం డిస్కు ఇమేజ్ తీసి పెట్టుకోండి.

ఫ్లాపీలు కూడా అంతే, ముందు ఇమేజ్. 3.5 అంగుళాలవైతే వెనక కిటికీ తెరిచి రాత బంద్ చేసి యూఎస్‌బీ డ్రైవ్‌లో పెట్టండి. 5.25 అయితే పక్క నొక్కు మీద స్టిక్కర్ అంటించండి. దానికి యూఎస్‌బీ డ్రైవ్ రాదు, పాత డ్రైవ్‌కు గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు తగిలించాలి. బూజు మచ్చ కనిపించిన ఫ్లాపీని శుభ్రం చేయకుండా డ్రైవ్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్‌కు అంటుకుని తరవాతి మంచి ఫ్లాపీని కూడా గీకేస్తుంది.

మూసీ_మ్యాప్స్

పటం కుదిరింది, వెడల్పు 120 పెట్టాక "రాజేంద్రనగర్" పూర్తిగా వచ్చింది. థాంక్స్ అండి.

ఖాతా ఫైలు అంకెలివి: సున్నా బైటు 3. కాలమ్‌లు 12. హెడర్ పొడవు 417, రికార్డు పొడవు 128. ఫైలు సైజు 6,72,290 బైట్లు. హెడర్‌లో ఉన్న సంఖ్య 5,220. ఇంకో సందేహం: పార్టీ పేర్ల ఫైల్లో పేర్లు తెలుగులో ఉండాలి, కానీ తెరిస్తే అన్నీ నెత్తిమీద గీతలున్న యూరప్ అక్షరాలే.

డాట్_ప్రాంప్ట్

హెడర్ సరిగ్గానే ఉంది: 32, పన్నెండు ముప్పైరెళ్ళు 384, ముగింపు బైటు 1, మొత్తం 417. ఇప్పుడు 6,72,290లోంచి 417 పోతే 6,71,873. దాన్ని 128తో భాగిస్తే 5,249, శేషం 1. ఆ మిగిలిన ఒక్కటి ఫైలు చివర ముగింపు గుర్తుగా ఉండే, 26 విలువ ఉన్న బైటు. అంటే 29 ఎంట్రీలు ఫైల్లోనే కూర్చుని ఉన్నాయి.

5,220 అంటే 20 ఇంటూ 256 ప్లస్ 100. ఎడిటర్ హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో, చూపిస్తుంది గనుక 4వ బైటు నుంచి 64 14 00 00 కనిపించాలి. 5,249 అంటే 20 ఇంటూ 256 ప్లస్ 129. కాబట్టి 64 ఉన్నచోట 81 కొట్టండి, మిగతావి ముట్టుకోకండి. ఎడిటర్ ఓవర్‌రైట్‌లో ఉండాలి. ఇన్సర్ట్‌లో ఉండి ఒక్క బైటు జరిగినా కాలమ్‌లన్నీ పక్కకు తప్పుకుంటాయి. సేవ్ చేశాక సైజు అదే 6,72,290 ఉందో లేదో చూడండి.

ఇప్పుడు లిబ్రఆఫీస్ క్యాల్క్‌లో తెరవండి, అక్షరాల సెట్ అడిగితే డాస్ 437 ఇవ్వండి. చివర కొత్తగా వచ్చిన వరసల్లో తేదీ, మొత్తం సరైన కాలమ్‌ల్లో పడ్డాయా చూడండి. ప్రతి రికార్డు మొదటి బైటు ఖాళీ గానీ స్టార్ గానీ అయ్యుండాలి. స్టార్ అంటే డిలీట్ కొట్టిన రికార్డు. డీబేస్‌లో డిలీట్ అంటే చెరిపేయడం కాదు, గుర్తు పెట్టడమే. ప్యాక్ కొట్టినప్పుడే నిజంగా పోతుంది. కాబట్టి ఎవరు చెప్పినా ప్యాక్ కొట్టకండి. పైథాన్ వచ్చినవాళ్ళుంటే డీబీఎఫ్‌రీడ్ లైబ్రరీ మామూలు రికార్డులను, డిలీట్ అయినవాటిని వేరువేరుగా ఇస్తుంది. మెమో ఉన్న ఫైలుకు .డీబీటీ అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో ఉండాలి.

చదవడానికి ఇండెక్స్ అక్కర్లేదు. డాస్‌బాక్స్‌లో (డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం) అసలు ప్రోగ్రాంనే నడపాలనుకుంటే మాత్రం పాత .ఎన్‌డీఎక్స్‌కు ఈ 29 సంగతి తెలియదు. ఇండెక్స్‌తో ఫైలు తెరిచి రీఇండెక్స్ కొట్టండి. అది మొరాయిస్తే .ఎన్‌డీఎక్స్‌ను హెక్స్‌లో చూడండి, 24వ బైటు నుంచి ఏ కాలమ్ మీద కట్టారో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. దాంతో కొత్తగా ఇండెక్స్ ఆన్ కొట్టుకోవచ్చు.

పార్క్‌లేన్_386

తెలుగు పేర్లకు నేను. ఆ రోజుల్లో డాస్‌లో తెలుగు రావాలంటే ఎక్కువగా సీడాక్ జిస్ట్ కార్డు. అది డేటాను ఇస్కీలో (భారతీయ లిపుల పాత సంకేత పద్ధతి) దాస్తుంది, ఒక సంకేతానికి ఒక బైటు. హెక్స్ ఎడిటర్‌లో పేర్ల బైట్లు చూడండి. దాదాపు అన్నీ 161 నుంచి 250 మధ్యే ఉండి, 162, 232 మాటిమాటికీ కనిపిస్తే ఇస్కీయే: 162 సున్న, 232 పొల్లు. 179 అంటే క. భారతీయ లిపులన్నిటికీ ఇవే అంకెలు, తెరమీద ఏ లిపిలో చూపాలన్నది వేరే సంగతి. విండోస్‌లో తెలుగు ఇస్కీకి కోడ్ పేజీ 57005 ఉంది. ఆ కాలమ్ బైట్లను దాని గుండా పంపితే యూనికోడ్ వచ్చేస్తుంది. మొత్తం ఫైలును ఒకేసారి మార్చకండి, ఒక్క బైటు మూడవుతుంది గనుక రికార్డు పొడవు మారి డీబీఎఫ్ పాడవుతుంది. ముందు సీఎస్‌వీకి తీసి తరవాత మార్చండి.

బైట్లలో మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కూడా విరివిగా కలిసి ఉంటే అది ఇస్కీ కాదు, ఏదో ఫాంటు కోసం టైపు చేసింది. అప్పుడు ఫాంటు పేరు తెలియాలి. అనుకు ఒక పట్టిక, శ్రీలిపికి ఇంకోటి, ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పనికిరాదు.

మూసీ_మ్యాప్స్

29 వచ్చాయి! 27 మామూలువి, రెండింటికి స్టార్ ఉంది. పేర్లలో 162, 232 నిండా ఉన్నాయి, 57005తో "బేగంబజార్" చక్కగా వచ్చింది. ఆ స్టార్ రెండింటినీ తీసేయనా?

డాట్_ప్రాంప్ట్

తీసేయకండి. రద్దు చేసిన బిల్లులై ఉండొచ్చు. ప్రింటు కాగితంలో ఆ నంబర్లు కొట్టేసి ఉన్నాయేమో సరిచూడండి. సీఎస్‌వీలో చివర ఒక కాలమ్ చేర్చి అందులో స్టార్ అలాగే ఉంచండి, మొత్తాలు కూడేటప్పుడు ఆ రెండు వరసలు వదిలేస్తే సరి.